వంక పెట్టని కవి

గౌస్ బాషాకు పాముకన్నా, ప్రిన్సిపాల్‌కన్నా ఎక్కువ భయం ఒక గేయమంటే. అదీ పట్టుమని పన్నెండు పాదాలు దాటని గేయం. ఎవరో పాతకాలపు భావకవి, వెన్నెల్లో కాలువ రేవుకు నీళ్ళకొచ్చిన ఒకావిడను చూసి పరవశించిపోయాడు. పరవశించినవాడు హాయిగానే ఉన్నాడు. దాన్ని ఆడపిల్లలకు విడమరిచి చెప్పాల్సిన తెలుగు లెక్చరర్ కనక ఈయనకే చెమటలు పట్టేవి.

ఆయనది అద్దంకి. తండ్రి పీరు ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి, కొడుకును ఎమ్మే చదివించాడు. ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చిన రోజున, "తల దించుకుని పోయి తల దించుకుని రారా" అని ఒక్క మాట చెప్పాడు. కొడుకు ఆ మాటను అవసరానికి మించి పాటించాడు. మొదటి ఏడు ఆ గేయం ఎత్తుకోగానే వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, పుస్తకం మూసేసి, "ఇది పరీక్షకు రాదమ్మా" అనేశాడు. ఆ అబద్ధం ఏడేళ్ళు నిక్షేపంగా నడిచింది.

ఎనిమిదో ఏడు, అంటే రెండు వేల మూడులో, పరీక్షలో అదే వచ్చి కూర్చుంది. "ఈ గేయంలోని సౌందర్య దృష్టిని విశ్లేషించుము." పది మార్కులు! క్లాసు క్లాసంతా ఆ ప్రశ్న వదిలేసి వచ్చింది. ప్రిన్సిపాల్ జ్యోతిర్మయి గారు పిలిచి, "వచ్చే ఏడు ఆ పాఠం చెప్పండి, లేదంటే వేరే కాలేజీ చూసుకోండి" అన్నారు. చెబితే తండ్రులు ఊరుకోరు, చెప్పకపోతే ఈవిడ ఊరుకోదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పైగా ఇంట్లో భార్య మాబూబీకి ఏడో నెల. ఉద్యోగం పోతే ఆమెకు ఏ ముఖంతో చెప్పాలా అని ఆయనకు దిగులు పట్టుకుంది.

మరుసటి ఏడు, కొత్త పిల్లలకు మొదటి రోజు ధైర్యం చేసి రెండు పాదాలు మాత్రం రాయించాడు.

కడవ దించి నిలిచినావు కాలువ రేవులో,
వెన్నెల నీ పాదమంటి వెనుదిరుగలేదు.

రెండో రోజు క్లాసు గుమ్మంలో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

"కోటేశ్వరి నాన్నను సార్, బుల్లయ్యంటారు. నిన్న మా పిల్ల ఇంట్లో కంఠతా పెడుతుంటే విన్నా. ఆడమనిషి పాదాలంట, వెన్నెలంట! మీరు చెప్పేదేందో నేనూ వింటా" అని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

గౌస్ బాషా పుస్తకం తెరిచాడు. ఎటూ పోయే ఉద్యోగమే, కనీసం పాఠమన్నా సరిగ్గా చెబుదామనుకున్నాడు. గేయం మొత్తం పైకి చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అమ్మా, ఆమె కళ్ళెలా ఉన్నాయో కవి చెప్పాడా?"

"లేదు సార్."

"రంగు? ముక్కు? పోనీ, పేరు?"

"లేదు సార్."

"మరి మనకేం తెలిసింది?"

కోటేశ్వరి లేచింది. "వెన్నెల కదల్లేదన్నాడు గానీ సార్, కదల్లేకపోయింది ఆయనే."

ఎనిమిదేళ్ళుగా తాను తప్పించుకు తిరిగిన పాఠాన్ని ఆ పిల్ల ఒక్క మాటలో తేల్చేసింది. ఆయనకు సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి.

బెల్లు కొట్టగానే బుల్లయ్య ఆయన్ను పక్కకు పిలిచాడు. గౌస్ బాషా తల దించుకుని నిలబడ్డాడు.

"సార్, ముప్పై ఏళ్ళ నుంచి మిరపకాయ బస్తాలు గుంటూరు యార్డుకు తోలుతున్నా. కొనడానికొచ్చినోడు ఒక్కడు కూడా నా కాయ బాగుందనలా. తాలుందంటాడు, తేముందంటాడు, రంగు చాల్లేదంటాడు. మొన్న మా పిల్లను చూడ్డానికొచ్చినోళ్ళూ అంతే. చామనచాయంట, పొట్టిదంట. అప్పట్నుంచీ అది అద్దం ముందుకే పోవట్లా." బుల్లయ్య తలపాగా సర్దుకున్నాడు. "మీ కవి ఒక్క వంకన్నా పెట్టాడా? పెట్టలా. ఎందుకంటే ఆయన కొనడానికి రాలా."

గౌస్ బాషా తలెత్తి చూశాడు.

"రేపు ఇంకోసారి చెప్పండి సార్. మా పిల్ల బాగా వినాలి."

బతుకుజీవుడా అనుకున్నాడు గౌస్ బాషా. సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే, "ఉద్యోగానికేం ఢోకా లేదు మాబూ" అని గట్టిగా కేకేసి చెప్పాడు.

మర్నాడు పాఠం మళ్ళీ మొదటి పాదం నుంచి చెప్పాడు. కోటేశ్వరి కలం పక్కన పెట్టేసి వింటూ కూర్చుంది.