ఆయ్ అన్న మాటకు అనువాదం

దుబాసీ పనికి రెండు భాషలు వస్తే చాలనుకునేవాణ్ణి. షోలాపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, రిటైరైన బడిపంతుల్ని. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. మా పక్కింటి శిందే గారమ్మాయి వైశాలి మస్కట్‌లో నర్సు. అక్కడే పనిచేస్తున్న రాజోలు కుర్రాడు సతీష్‌ని చేసుకుంటానంది. వైశాలి సెలవు మీద వచ్చింది, కుర్రాడికి దొరకలేదు. పిల్లని చూడందే మాట ఇవ్వనని అతని తల్లి పట్టుబట్టింది. అందుకని తండ్రీకూతుళ్ళ వెంట, వాళ్ళ ఖర్చు మీద, మాటలు మోసే కూలీగా నేను బయల్దేరాను.

పొద్దున్న షోలాపూర్‌లో రైలెక్కి, సాయంత్రం సికింద్రాబాద్‌లో బండి మారి, తెల్లవారుజామున రాజమండ్రిలో దిగాం. స్లీపర్‌లో దోమలకి రిజర్వేషన్ అక్కర్లేదని తెలిసింది. ఆరింటి బస్సు కండక్టర్ని అమలాపురం వెళ్తుందా అని అడిగాను.

"ఆయ్, ఎక్కండీ."

"వాళ్ళమ్మని ఎందుకు పిలుస్తున్నాడు?" అన్నారు శిందే. మరాఠీలో 'ఆయీ' అంటే అమ్మ. రావులపాలెం దాటేసరికి ఆయనకి ఆ మాట అన్ని సీట్లలోంచీ వినపడింది. "ఇంత మాతృభక్తి ఉన్న సీమకి పిల్లనివ్వడం మంచిదే" అని తేల్చారు. నేను కాదనలేదు.

అమలాపురంలో పెసరట్టు ఉప్మా తిని రాజోలు బస్సెక్కాం. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. దిగి టీ తాగుతుంటే, కొట్టువాడు ఆయ్ అన్నప్పుడల్లా పక్కనున్న తమిళ లారీ డ్రైవరు నవ్వుకుంటున్నాడు. కారణం అడిగితే వైశాలి వైపు చూసి, నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. "మా ఊళ్ళో చంటిపిల్లలు చెడ్డీ విప్పమనే ముందు అనే మాట సార్ అది." కాయలెత్తే బెంగాలీ కుర్రాడికి అదే మాట 'ఇలా రా' అని. కొత్తలో ఎవరు ఆయ్ అన్నా పని వదిలి పరిగెత్తేవాడట.

"మా ఆసుపత్రిలో టర్కీ డాక్టరుకి ఆయ్ అంటే చందమామ, కాకా," అంది వైశాలి. ఆ పిల్లకి నేను కాకా, అంటే బాబాయిని.

బెంగాలీ మాటకి మూలం సంస్కృతంలో ఉందంటారు. టర్కీ చందమామకి దాంతో చుట్టరికం లేదు. ఇక్కడి ఆయ్ మాత్రం 'అవునయ్యా' అరగ్గా అరగ్గా మిగిలిన ముక్క అయి ఉంటుందని నా ఊహ. అప్పటికి నాకు దాని అర్థం కూడా తెలుసుననే అనుకున్నాను.

పదకొండింటికి రాజోలు చేరాం. సతీష్ నాన్నగారు ఎదురొచ్చి కొబ్బరిబొండాలిచ్చారు. పెళ్ళి షోలాపూర్‌లో చేస్తామంటున్నారని చెప్పాను.

"ఆయ్," అన్నారు.

ఒప్పుకున్నారని చెప్పగానే శిందే మొహం వెలిగిపోయింది. నాకే ఎందుకో అనుమానం వచ్చింది. "పోనీ, ఇక్కడ వాడపల్లి వెంకన్న సన్నిధిలో?"

"ఆయ్."

ఆయన భార్య మంగాయమ్మగారు నవ్వేశారు. "ఆయన దేనికైనా అంతేనండి మాస్టారూ. ఆ ఆయ్‌కి విన్నానని అర్థమండి. ఒప్పుకోడం, మానడం నా పనండి."

నా పాండిత్యం అక్కడితో సరి.

కొరమేను పులుసుతో భోజనాలయ్యాక అందరి చేతుల్లోనూ పూతరేకులు పెట్టి, ఆవిడ వైశాలి పక్కన కూర్చున్నారు. "పెళ్ళయ్యేక ఆ ఉద్యోగం మానేసి మా దగ్గర ఉండిపోతావా అమ్మా?"

వైశాలికి ఆ ఉద్యోగం ప్రాణం. దాని కోసం రెండు సంబంధాలు వదులుకున్న పిల్ల. నేను గబగబా మింగి అనువాదానికి నోరు తెరిచేలోపే వైశాలి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఆయీ..." అంది.

"ఆయ్ అనేసిందండీ!" ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. బొట్టు పెట్టి, బండారులంక నేతచీర చేతిలో పెట్టారు. మాట ఇచ్చేశారు. నేను ఇంకో పూతరేకు నోట్లో పెట్టుకున్నాను. నోరు మూసుకోడానికి అంత తియ్యటి సాకు మళ్ళీ దొరకదు.

నాలుగింటి బస్సులో శిందే నిద్రపోయారు. ఆవిడ అడిగిందేమిటో అర్థమయ్యే ఆయీ అన్నావా అని వైశాలిని అడిగేశాను.

"ఉద్యోగం మాట అర్థమైంది కాకా. సతీష్ ముందే చెప్పాడు, అమ్మ అడుగుతుందని. మానేస్తానని అబద్ధమాడలేను. కాదని ఆ మొహం చూస్తూ అనలేకపోయాను. అమ్మా అన్నాను, అంతే."

పి.గన్నవరం దగ్గర గోదావరి దాటుతుండగా నా ఫోన్ మోగింది. మంగాయమ్మగారు.

"మాస్టారండీ, మా అబ్బాయికి చెప్తే నవ్వుతున్నాడండి. మరాఠీలో ఆయీ అంటే అమ్మంటగా. పిల్ల మానేస్తానందా, అమ్మా అందా? మీరు చెప్పండి."

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోటితో చివరికి, "ఆయ్," అన్నాను.

అది ఒప్పుకునే ఆయ్ కాదని ఆవిడకి నేను చెప్పక్కర్లేదు.

"అయితే మానదన్నమాటండి."

"మానదండి. అమ్మా అని పిలవడం మాత్రం నిజమండి."



"ఆ చీరకి ఫాల్ ఇప్పుడే కుట్టించుకోమనండి మాస్టారూ. డ్యూటీలో చేరితే తీరిక ఉండదు కదండీ."