ఎఫ్ సెవెన్ నొక్కింది నేనే

ఈ సంగతి నా లోపల ఉండిపోయి ఏళ్ళయింది. చిన్నదేలే అనుకుంటూ వచ్చాను. చిన్నదైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని కదా? పిల్లాడికి జ్వరం వచ్చినా ముందు ఇదే గుర్తొస్తుంది, నేను చేసినదానికేనేమో అని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నరసరావుపేటలో మాది శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపు. పైన ఇల్లు, కింద షాపు. బోర్డు మీద పేరు మా ఆయనది, లోపల పని నాగమణక్కది. నేను ఆ ఇంటికి రాకముందు నుంచే ఆమె అక్కడ తెలుగు టైపు చేస్తోంది. రోడ్డు మీద రాళ్ళ లారీలు పోతుంటాయి కాబట్టి దుమ్ము పడకుండా పాత దుప్పటితో కంప్యూటరుకు ఒక ముసుగు కుట్టింది. సాయంత్రం షట్‌డౌన్ కొట్టి, మానిటర్ బటన్ నొక్కి, ఆ గుడ్డ కప్పి ఇంటికి పోయేది. సీపీయూ డబ్బా తనంతట తానే ఆగిపోయేది. గోడ స్విచ్ మాత్రం ఆపకూడదు, యూపీఎస్ చార్జ్ అవ్వాలని మా ఆయన పెట్టిన నియమం.

ఆ వేసవిలో, సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో, పాత కంప్యూటరు పోయింది. మా తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరు పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు. మా ఆయన వేరే డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. నేను చదివింది బీఎస్సీ కంప్యూటర్స్, అదే నా కర్మ.

ఎక్స్‌పీ ఎక్కించబోతే నీలం తెర మీద ఏదో తప్పు చూపించి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ నీలం తెర. సీడీ మార్చాను. ర్యామ్ పీకి, తుడిచి, పెట్టాను. ఒళ్ళో పిల్లాడికి పాలిస్తూ ఒక చేత్తో ఎంటర్ నొక్కాను. ఇరవై ఏళ్ళ నాటి సిస్టమును బతిమాలుకోవడమేనా నా చదువు అని ఏడుపొచ్చింది. చివరికి ఆ తెర మీద ఉన్నది నింపాదిగా చదివితే అర్థమైంది. కరెంటు ఎప్పుడు వాడాలి, ఎప్పుడు ఆగిపోవాలి అన్నది సిస్టమూ లోపలి మదర్‌బోర్డూ కలిసి చూసుకునే పద్ధతి ఒకటుంది, ఏసీపీఐ అంటారు. ఆ విషయంలో ఈ బోర్డుకూ ఎక్స్‌పీకీ పొసగడం లేదు. సరైన దారి బోర్డులో ఉండే బయోస్ అనే మూల ప్రోగ్రామును అప్‌డేట్ చేయడం. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది. ఎండాకాలం మా ఊరి కరెంటును ఎవరు నమ్ముతారు? ఆ యూపీఎస్‌ను అసలే నమ్మను. రెండో దారి సులువు. ఎక్కించడం మొదలవగానే ఎఫ్ సెవెన్ మీట నొక్కితే ఆ పద్ధతిని పక్కన పెట్టేసి ఎక్కుతుంది. నొక్కాను. ఎక్కింది.

షట్‌డౌన్ కొట్టి చూశాను. ఇక కంప్యూటరును ఆపుకోవచ్చు అని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది గానీ, ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇకనుంచి డబ్బా బటన్ కూడా చేత్తో నొక్కాలన్నమాట. ఆ ఒక్క ముక్క అక్కకు చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? అప్పటికే మా ఆయన పక్క షాపుల వాళ్ళందరికీ మా ఆవిడ బాగుచేసిందని చెప్పుకుంటున్నాడు. సగమే చేశానని చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. అక్క షట్‌డౌన్ కొట్టగానే మానిటర్ ఆపేస్తుంది కాబట్టి ఆ వాక్యం ఆమె కంట పడలేదు, లారీల మోతలో ఫ్యాను చప్పుడూ వినబడలేదు. పొద్దున్నే షట్టరు తీసేది నేనే. గుడ్డ కింద డబ్బా కాలిపోతూ నడుస్తుండేది. ఎవరూ రాకముందే ఆపి మళ్ళీ ఆన్ చేసేదాన్ని. తప్పు దాచడానికి అంత ఓపిక ఉన్నదాన్ని, చెప్పడానికి ఎందుకు లేకపోయింది?

ఒకరోజు పిల్లాడికి విరేచనాలు. ఆ పొద్దున మా ఆయన షట్టరు తీశాడు. మాడు వాసన. హార్డ్ డిస్కు పోయింది. అచ్చుకు పోవలసిన శుభలేఖలన్నీ అందులోనే ఉన్నాయి. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని కిందికి దిగేసరికి అక్క అప్పుడే వచ్చి నిలబడింది.

"ఏందక్కా ఇది? గుడ్డ మాత్రం ఓపిగ్గా కప్పి పోయావు. ఆపటానికి చేతులు రాలేదా?"

"షట్‌డౌన్ కొట్టే పోయా తమ్ముడూ. చానా ఏళ్ళ నుంచి చేస్తన్నా, నాకు తెలవదా?"

"మరి దెయ్యమొచ్చి ఆన్ చేసిందా?"

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పమ్మాయ్, చదువుకున్నదానివి. షట్‌డౌన్ కొడితే ఆగకుండా ఎట్టా ఉంటది?"

"పని హడావిడిలో ఒక్కోసారి మర్చిపోతాం అక్కా," అన్నాను.

మౌనంగా ఉన్నా ఇంత బాధ ఉండేది కాదేమో. ఆమె నన్ను నమ్మింది. "ఏమో, మర్చిపోయానేమోలే," అంది. ఆ వారంలోనే పని మానేసింది. మా ఆయన ఉండమని అనలేదు. నేనూ అనలేదు.

నిన్న వినుకొండ బస్టాండులో కనిపించింది. గ్యాసు కట్టేశానో లేదోనని దారిలోంచి వెనక్కి పోతుంటుందట, తాళం వేసి మళ్ళీ లాగి చూస్తుందట. మీ షాపులో అట్టా అయినప్పటి నుంచే ఈ మతిమరుపు అని నవ్వుతూ చెప్పింది. మా వాడి బుగ్గ గిల్లి, ఎంత ఎదిగాడో అంది. బస్సు వచ్చింది, ఎక్కిపోయింది. నేను నోరు తెరవలేదు. నిన్న కూడా.

ఆమెకు ఏ మతిమరుపూ లేదు. ఆ సాయంత్రం ఆమె షట్‌డౌన్ కొట్టే వెళ్ళింది. ఆగకుండా చేసింది నేను. తన మీద తనకున్న నమ్మకం పోగొట్టిందీ నేనే. ఇది రాసినందువల్ల ఆమెకు ఒరిగేది ఏమీ లేదని తెలుసు. పక్క గదిలో నిద్రపోతున్న మా ఆయనకూ ఇంకా తెలియదు. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ మాట నా తలలో కాకుండా బయట ఉంది.