జనం ఎక్కితే తిరగని జీపు

మా సంఘం జీపును జానెడు పైకి లేపాలని తీర్మానించింది పెద్దలు. నడపాల్సింది మాత్రం నేను. ఎనభైల్లో నరసరావుపేటలో సువార్తికుడిగా ఉన్న రోజులవి. వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం, జీపు తోలడం, అన్నీ నా పనులే.

బొల్లాపల్లి దాటాక ఒక పల్లెలో మా విశ్వాసి ఒకాయన, తమ్ముడితో ఉమ్మడిగా ఉన్న జాగాలో ప్రార్థన కోసం పాక వేశాడు. దాన్ని మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వచ్చి ప్రతిష్ఠించాలి. అయ్యగారికి నడుము నొప్పి, రాళ్ల దారిలో నడవలేరు. మొదటిసారి బయలుదేరినప్పుడు రాయి తగిలి ఇంజను అడుగు పగిలింది. ఆయిలంతా కారిపోతే వెనక్కి వచ్చేశాం. అక్కడ ఆయన పిలిచిన చుట్టాలందరికీ అన్నం పెట్టి, అయ్యగారు రాకుండానే సాగనంపాడట.

అందుకే పెద్దలు జీపును లేపమన్నారు. మా మెకానిక్‌ను ఊరంతా భాయ్ అనేవాళ్లు. ఇరుసుల కింద ఉండే కమాన్ కట్టల్ని, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల్ని, ఆయన ఇరుసుల మీదికి మార్చాడు. జీపు ఒంటెలా లేచి నిలబడింది. పెద్దలు చుట్టూ తిరిగి మురిసిపోయారు. నేను ఎక్కి, షెడ్డులోంచి తీసి ఎడమకు తిప్పాను. స్టీరింగు సగం తిరిగి టక్కుమని ఆగింది. ఇక కదలలేదు. జీపు మలుపు పూర్తిగా తిరగలేక ఎదురుగా ఉన్న సోడా బండికి మూరెడు దూరంలో నిలబడింది.

"ఏందయ్యో, సోడా కొట్టమంటావా, నన్నే కొడతావా?" అని సోడా బండి ఆయన అరిచాడు.

ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ ఇరుసు పక్కన ఒక స్టీరింగు రాడ్డు ఉంటుంది. కమాన్లు ఇరుసు మీదికి రావడంతో ఆ రాడ్డు కదిలే చోటును అవి ఆక్రమించాయి. చక్రం సగం తిరిగేసరికి రాడ్డు వెళ్లి కమానును గుద్దుకుంటోంది.

సంఘ పెద్దల్లో పెద్దాయన తల పంకించాడు. "లేఖనాల్లో ప్రవక్తను మోసుకెళ్లే గాడిద దేవదూతను చూసి ఆగిపోలా? ఈ ప్రయాణం దేవుడికి ఇష్టం లేదేమో."

జీపు కింద నుంచే భాయ్ అన్నాడు, "దూతా లేదు గీతా లేదు పెద్దాయనా. కమాను తగుల్తంది."

ఆ గాడిద సంగతి నేను అక్షరాలా నమ్ముతాను. కానీ దాని ముందు నిలబడ్డది దేవుడు పంపిన దూత. మా జీపుకు అడ్డం వచ్చింది మేం చేయించిన పని. ఆ తప్పును తీసుకెళ్లి దేవుడి చిత్తం మీద పెట్టడం నా ఒళ్లు మండించింది.

మర్నాడు పాక వేసినాయన బస్సెక్కి పేటకు వచ్చాడు. నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"బ్రదరూ, మా తమ్ముడు గమ్మున లేడు. మీ అయ్యగారికే పట్టని పాక మనకెందుకు అంటన్నాడు. ఈ శనివారం మీరు రాకపోతే ఆ జాగాలో మిరపకాయలు ఆరబోస్తాడంట. ఒక్కసారి కల్లం చేశాడంటే ఇంక నేను అడగలేను."

"వస్తాం అన్నా" అన్నాను.

"పోయినసారీ ఇట్టాగే అన్నారు."

ఆయన్ని బస్సెక్కించి నేను షెడ్డుకు వెళ్లాను.

భాయ్ రాడ్డు విప్పాడు. దాని కొసలు కింద నుంచి బిగించి ఉండేవి. లేత్ షాపులో ఆ కొసలు దూరే రంధ్రాలకు పైవైపు నుంచి కొత్తగా కోత పెట్టించి, రాడ్డును పైనుంచి బిగించాడు. ఇప్పుడది కమాన్ల మీదుగా పోతుంది. నేను ఎడమకూ కుడికీ చివరిదాకా తిప్పి చూశాను. వెన్నలా తిరిగింది. ఆ రాత్రి మోకాళ్ల మీద చానాసేపు స్తోత్రం చెప్పుకున్నాను.

శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగియగానే, బాగైన జీపును చూద్దామని పెద్దలూ ఆడవాళ్లూ ఎక్కగలిగినంతమంది ఎక్కారు. గుడి గేటు దాటి కాలవ మీది బండ దిగామో లేదో, అడుగున దబ్బుమని మోగి స్టీరింగు నా చేతుల్లో బిగుసుకుపోయింది. బరువుకు కమాన్లు కుంగి ఇరుసు పైకి లేచింది. దానితోపాటు లేచిన రాడ్డు ఛాసీకి, అంటే బండి అడుగు చట్రానికి, కొట్టుకుంది. వెనక కూర్చున్నవాళ్లు "ప్రభువా!" అని ఒకరి మీద ఒకరు పడ్డారు.

అందరినీ దింపి, జీపును మెల్లగా షెడ్డుకు తీసుకెళ్లాను. భాయ్ జుమ్మా నమాజు చేసుకుని అప్పుడే వచ్చాడు.

"నిన్న తిరిగిందిగా? నువ్వే చూసుకున్నావుగా?"

"ఖాళీ బండి ఎవరిక్కావాలి భాయ్? ఇది సంఘం బండి."

ఆయనకు పౌరుషం వచ్చింది. "అయితే ఆ సంఘాన్నే పట్రా."

పట్టుకొచ్చాను. ఉపవాసం ఇంకా విడవని జనమంతా షెడ్డులో జీపెక్కి కూర్చున్నారు. భాయ్ సుద్దముక్క పట్టుకుని కిందికి దూరాడు. ఊరికే కూర్చోలేక మావాళ్లు పాట ఎత్తుకున్నారు.

"కదలమాకండి! బండి ఊగుతంది."

"దేవుడి పాట ఆపమంటాడేంది ఈయన?" అంది ఒక పెద్దావిడ.

"పాడుకో అక్కా. చప్పట్లు మాత్రం కొట్టమాక."

రాడ్డు తగిలే చోట సుద్దతో గీత గీశాడు. పాత లారీ టైరులోంచి మందపాటి రబ్బరు ముక్కలు కోసి, ఇరుసుకు పైన ఛాసీ అడుగున బోల్టులతో బిగించాడు. ఇరుసు లేచినా రబ్బరు దగ్గరే ఆగుతుంది, రాడ్డు ఛాసీ దాకా రాదు. "స్టీరింగు బాధ్యత నాది. నడుముల సంగతి మీరు చూసుకోండి" అన్నాడు.

అయ్యగారి నడుము కోసమే కదా ఈ తిప్పలన్నీ. ఇప్పుడు ప్రతి గుంటలోనూ దెబ్బ నేరుగా ఆ నడుముకే తగులుతుంది. జనం తగ్గితే కుదుపు తగ్గుతుందని శనివారం పొద్దున బతిమాలాను. పరలోకంలో అందరికీ చోటుందని నమ్మే మావాళ్లు, జీపులో ఒక్కరు కూడా చోటు వదులుకోలేదు. అయ్యగారే "పదవయ్యా, పొద్దెక్కుతుంది" అన్నారు.

బొల్లాపల్లి దాటాక రబ్బరు తగిలినప్పుడల్లా ఆయన పళ్లు బిగించి మూలగడం నాకు వినపడింది. నాకు భాయ్ మీద, పెద్దల మీద, దారి మీద, అన్నింటి మీదా కోపమే. పక్కన బైబిలు పట్టుకుని కూర్చున్న మనిషి బాధపడుతుంటే నా నోటికి ప్రార్థన రాలేదు.

పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పాక ముందు సగం జాగాలో మిరపకాయలు అప్పటికే ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. పాక వేసిన అన్న గుంజ పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు కాయలు పలచగా నెరుపుతున్నాడు. అయ్యగారు దిగబోయి దిగలేక మళ్లీ కూలబడ్డారు.

"దిగొద్దు అయ్యగారూ. బండిని వాకిట్లోకే పోనియ్ బ్రదరూ" అన్నాడు అన్న.

"కాయల మీద తొక్కిస్తారా ఏంది?" అని తమ్ముడు అడ్డం వచ్చాడు.

ఒక పక్క రాతిగోడ, ఒక పక్క మిరపకాయలు, మధ్యలో బండి పట్టేంత సందు. స్టీరింగును మొత్తం ఎడమకు కోశాను. నిండా జనంతో ఉన్న జీపు ఎక్కడా తగలకుండా తిరిగి, పాక గుమ్మం ముందు ఆగింది. ముందు చక్రం పక్కన ఒక్క కాయ కూడా నలగలేదు.

అయ్యగారు సీట్లోంచే చెయ్యి చాపి ప్రార్థన మొదలుపెట్టారు. అన్న కళ్లు మూసుకోలేదు. జనం కూర్చోవడానికి చోటు చేయాలని, గోనెపట్టా అంచు పట్టుకుని కాయల్ని ఒక్కడే ఎత్తబోయాడు. పట్టా మధ్యలో కుంగి కాయలు జారిపోతున్నాయి. తమ్ముడు విసవిసా దగ్గరికి వచ్చాడు. తర్వాత వంగి రెండో అంచు అందుకున్నాడు.

"రేపు పొద్దున మళ్లీ నువ్వే ఆరబొయ్యాలి" అన్నాడు, ప్రార్థన జరుగుతున్నా గొంతు తగ్గించకుండా.