తాబేలు పథ్యం

నేను కాపురానికి వెళ్లిన ఏడాది మాచర్లలో వానలు సరిగా పడలేదు. ఎండాకాలం వచ్చేసరికి మా అత్తగారింటి బావిలో చేద వేస్తే బురదే పైకి వచ్చేది. మామగారు మనుషులను పిలిపించి పూడిక తీయించారు. యుద్ధం జరుగుతున్న రోజులవి.

పూడికతో పాటు తాబేలు కూడా పైకి వచ్చింది. నీళ్లలోని పురుగూ పుట్రా తినేస్తుందని అప్పట్లో చాలామంది బావిలో తాబేలును వేసేవారు. మా బావిలో దాన్ని వేసినవారు మా అత్తగారి మామగారట. అత్తగారు ఆ ఇంట్లో కాలు పెట్టేనాటికే అది అక్కడ ఉంది. మొత్తం ఇంట్లో తనకంటే పెద్దరికం దానికొక్కదానికే ఉందని ఆవిడ లెక్క. మామగారిని ఆ లెక్కలో వేసేవారు కాదు.

బుట్టలో పైకి వచ్చిన తాబేలు వీపు మీద డిప్ప పగిలి ఉంది. బురదలో కనపడక గునపం తగిలిందని, బావిలోకి దిగిన మనిషి చాలా బాధపడుతూ చెప్పాడు. పగులులోంచి నెత్తురు కారుతోంది. పరాయి మగవాళ్లున్న చోటికి ఎన్నడూ రాని మా అత్తగారు వంటింట్లోంచి తడి చేతులతో నేరుగా బావి దగ్గరికి వచ్చేశారు.

"ఇంకేం బతుకుద్ది? తీసుకుపోయి వాగులో వదిలెయ్యండి" అన్నారు మామగారు.

"వాగులో నీళ్లేడున్నయ్? మీరు కొట్టుకు పోండి. ఇక్కడ మీకేం పన్లేదు" అన్నారు అత్తగారు.

ఆయన చెప్పులు తొడుక్కుని కిరాణా కొట్టుకు వెళ్లిపోయారు. అత్తగారు నా వైపు తిరిగారు.

"ఏమే, నీ చేతులు నెమ్మది. నువ్వు కడుగు."

కాపురానికి వచ్చాక ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అదీ తాబేలు పుణ్యాన.

ఉప్పు వేసి కాచిన నీళ్లు చల్లార్చి పగులు కడిగాను. పసుపు అద్ది, ఈగలు ముసరకుండా పల్చటి పాత పంచె ముక్క కప్పాను. ఎండ తగలని చల్లటి చోటు ఇంట్లో ఎక్కడుందని వెతికితే, నాపరాళ్లు పరిచిన మా గది ఒక్కటే కనిపించింది. అలా తడి గోనె మీద తాబేలు మా గదిలో కాపురం పెట్టింది. కొడుకూ కోడలూ ఉన్న గది గడప దగ్గర నిలబడి, దగ్గి, పిలిచి కానీ లోపలికి రాని మా అత్తగారు ఆ రోజు నుంచి దగ్గడం మానేశారు. మా ఆయన మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాలుద్దామని వస్తే, వాళ్లమ్మ గోనె పక్కన కూర్చుని తాబేలుకు విసురుతూ ఉండేవారు. ఆయన కాసేపు నిలబడి, తాబేలు వైపొకసారీ నా వైపొకసారీ చూసి, అరుగు మీదికి పోయి పడుకునేవారు.

పక్కింట్లో కళాయి పోసే సాయిబు గారి కుటుంబం ఉండేది. రెండిళ్ల పెరళ్లకూ మధ్య పిట్టగోడ. ఆ ఇంటావిడను మా అత్తగారు "చెల్లే" అనేవారు. పగులు పూడ్చడానికి వీలవుతుందేమో చూడమని అత్తగారు ఆ చెల్లెలి భర్తను అడిగించారు. ఆయన గోడ అవతలి నుంచి తొంగి చూసి, "అక్కా, ఇత్తడి గిన్నెకైతే ఇప్పుడే పోస్తా. దీన్ని కొలిమి దగ్గరికి తీసుకుపోతే నన్ను కరుస్తది" అన్నాడు.

డిప్ప సంగతి అలా ఉండగా తాబేలు తిండి మానేసింది. అన్నం పెట్టాం, తోటకూర పెట్టాం, దోసకాయ గీరి పెట్టాం. దేన్ని చూసినా తల లోపలికి లాక్కునేది. రోజురోజుకీ నీరసించిపోతోంది. అత్తగారికి కూడా అన్నం సయించడం లేదు.

"అక్కా, అది మీ కులం కాదు. నీసు తింటది" అంది పక్కింటావిడ గోడ మీద మోచేతులు ఆనించి.

ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇల్లు మాది. అత్తగారు మర్నాడు మామగారు కొట్టుకు వెళ్లేదాకా ఆగి, గోడ దగ్గరికి వెళ్లారు.

"చెల్లే, మీ ఇంట్లో కూర కోసుకున్నప్పుడు ఓ చిన్న ముక్క పక్కన పెట్టు. నాక్కాదు."

"నీకని ఎవరన్నారక్కా?"

"ముందే చెప్తన్నా."

ఆ మధ్యాహ్నం గోడ మీదికి మోదుగాకు దొప్ప వచ్చింది. దాన్ని తాకే భాగ్యం నాకే దక్కింది. వేప పుల్లకు చిన్న ముక్క గుచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, తాబేలు ముందు పెట్టాను. అత్తగారు గుమ్మంలో మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"తింటందా?"

"తింటోంది అత్తయ్యా."

"ఎట్టా?"

"నోరు తెరిచి."

"నోరు తెరవక ముక్కుతో తింటదా? సరిగ్గా చెప్పవే."

సరిగ్గా చెప్పాలంటే చూడాలి. చూశాను. మెడ ఇంత పొడుగు సాచి, కళ్లు మూసుకుని మింగుతోంది. ఆ సంగతి చెప్పగానే అత్తగారి భుజాలు కిందికి దిగాయి.

నీసు తాకినందుకు తలస్నానం చేయకుండా నేను వంటింట్లోకి రాకూడదు. రోజూ తలస్నానానికి ఇంట్లో నీళ్లు లేవు. కనుక వంట అంతా ఆవిడే చేసుకున్నారు. నేను దిగులుగా ఉన్నట్టే కనిపించడానికి బాగా కష్టపడాల్సి వచ్చింది.

దొప్పల సంగతి బజారుకు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒకనాడు మామగారు వేళ కాని వేళ ఇంటికి వచ్చి, పెరట్లోనే నిలబడ్డారు.

"గోడ మీద నుంచి మనింటికి నీసు వస్తందంట. ఏందిది?"

"తాబేలుకు పథ్యం" అన్నారు అత్తగారు.

"బజార్లో అట్టా అనుకోటంలా. వినుకొండ నుంచి వచ్చిన కోడలుపిల్లకు అలవాటుందంటన్నారు."

తలుపు వెనక నుంచి విన్న నేను, ఇక నన్ను పుట్టింటికి పంపించేస్తారనుకున్నాను. అత్తగారు మాత్రం నవ్వారు. ఆవిడ అంతసేపు నవ్వగలరని నాకు అప్పుడే తెలిసింది.

"దీనికా? ఇది కూరలో ఇంగువ ఎక్కువైతేనే కంచం ముందు నుంచి లేచిపోద్ది. అట్టా అన్నవాళ్లను రమ్మనండి. తాబేలు నోట్లో వేలు పెట్టి ఎవరిది అలవాటో చూసుకోమనండి."

మామగారు మా గదిలోకి వచ్చి, గోనె దగ్గర వంగి, పగులును చాలాసేపు చూశారు. పుండు అప్పటికి ఎండి పక్కు కట్టింది. సాయంత్రం కొట్టు నుంచి వస్తూ ఆకులో పొట్లం కట్టి తేనె మైనం తెచ్చారు. "దీన్ని కరిగించి రాస్తే పట్టుద్దేమో చూడండి" అని గోడకు చెప్పినట్టు చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. గోరువెచ్చగా ఉండగా మైనాన్ని పగులు వెంట సన్నగా పూశాను. పట్టింది.

ఆ తర్వాత రోజూ కాసేపు గోలెంలో నీళ్లు పోసి దాన్ని వదిలేవాళ్లం. వానలు పడి బావిలో ఊట వచ్చేనాటికి పగులు చోట మైనం రాలిపోయి, కుట్టు వేసినట్టు ఒక గట్టి మచ్చ మిగిలింది. తాబేలు గదంతా తిరుగుతూ మా ఆయన చెప్పులను మంచం కిందికి నెట్టేస్తోంది. ఇంక దీనికి రోగం లేదు, అల్లరే ఉంది అన్నారాయన.

దాన్ని బావిలోకి దింపిన రోజు మామగారు కొట్టు వదిలి వచ్చారు. తక్కెడ రాయి మరిచిపోయానన్నారు. ఎవరూ ఏ రాయి అని అడగలేదు. మా ఆయన చేదలో పెట్టి తాడు మెల్లగా వదిలారు. అవతలి నుంచి పక్కింటావిడ గోడ మీదికి వంగి చూస్తోంది. చేద నీళ్లను తాకగానే తాబేలు జారుకుని, కాళ్లు ఆడించి, అడుక్కి వెళ్లిపోయింది.

"చూశావా చెల్లే? ఇన్నాళ్లు సేవ చేయించుకుంది. ఒక్కసారి తల కూడా ఎత్తలా" అన్నారు అత్తగారు, ముక్కు చీదుతూ.

"అది నీలాగే అక్కా. మనసులో మాట పైకి కనపడనియ్యదు."

అత్తగారికి ఆ మాట నచ్చిందో లేదో తెలియలేదు గానీ, మర్నాడు మధ్యాహ్నం ఏ పనీ లేకుండానే గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. పొయ్యి మీద పప్పు చూస్తూ ఉండమని నాకు పురమాయించారు. నేనూ వాళ్ల మాటలు వినడానికి పెరటి గుమ్మంలోకి వచ్చేశాను. ఆ పూట మా ఇంట్లో అందరం మాడిన పప్పే తిన్నాం.