మాస్టరు కత్తెర

మొన్న ఖమ్మంలో రెడీమేడ్ బట్టలు కుట్టించి అమ్మే దుకాణం నడుపుతున్న మా మేనల్లుడు ఫోన్ చేసి, మంచి పనివాళ్లు ఆరు నెలలు కూడా నిలవడం లేదని, జీతం పెంచినా వెళ్లిపోతున్నారని వాపోయి, నా దగ్గర మాస్టరు అన్నేళ్లు ఎట్లా ఉన్నాడని అడిగాడు. వ్యాపారంలో నా సలహా అడిగినవాడు మా బంధువర్గంలో వాడొక్కడే కాబట్టి, కాసేపు ఆ ఆనందం అనుభవించి, ఆ తర్వాతే నిజం చెప్పాను.

మా మామగారు పోయాక ఏన్కూరులోని ఆయన టైలరింగ్ షాపు నా చేతికొచ్చింది. చేతికి రావడం వేరు, చేతనవడం వేరు. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని నేను గల్లా ముందు కూర్చుంటే, షాపును నిజంగా నడిపింది కటింగ్ మాస్టరే. ఖమ్మం నుంచి వచ్చి స్థిరపడ్డ సాయిబు. ఆయన కటింగ్ కోసం అడవి అంచు ఊళ్ల నుంచి కూడా జనం బస్సెక్కి వచ్చేవారు.

బడులు తెరిచే ముందు, యూనిఫారాల బట్ట గుట్టలుగా పడి ఉన్న రోజుల్లో, ఆయన నమాజుకు వెళ్లిన వేళ నాకు షాపును అలంకరించాలన్న బుద్ధి పుట్టింది. ఆయన బల్లమీది కత్తెర తీసుకుని, పాత క్యాలెండరు అట్ట కత్తిరించి, ‘శుక్రవారం సెలవు’ అని బోర్డు చేసి తగిలించాను. మాస్టరు తిరిగొచ్చి బోర్డును చూశాడు, బల్లకింది అట్టముక్కలను చూశాడు. మర్నాడు పొద్దున్నే, ఖమ్మంలో పని చూసుకున్నానని, వారం నిండగానే వెళ్తానని చెప్పాడు.

ఆయన వెళ్తే కుట్టేవాళ్లిద్దరూ ఆయన వెంటే వెళ్తారు. ఇక నా షాపుకు అన్ని వారాలూ శుక్రవారాలే. జీతం పెంచుతానన్నాను, బల్లమీద ఫ్యాను వేయిస్తానన్నాను. “పైసల సంగతి కాదు సాబ్” అని తల దించుకున్నాడు.

మధ్యాహ్నం క్యారియరు తెచ్చిన మా ఆవిడ ఆ బోర్డు అంచులు చూసి, దేంతోటి కోసిండ్రని అడిగింది. చెప్పగానే నెత్తి కొట్టుకుంది. “బట్ట కత్తెరతోటి అట్ట కోస్తరా ఎవరన్న? పదును పోదా? అది ఆయన ఉస్తాదు ఇచ్చింది. మా నాయినే ఎన్నడు ముట్టలే!”

మేకూ సుత్తీ పట్టుకుని మాస్టరు బల్ల దగ్గరికి వెళ్లాను. కుట్టేవాళ్ల ముందే తప్పయిందని చెప్పి, కత్తెర తగిలించుకోవడానికి ఆయన చేతికందేచోట గోడకు మేకు కొట్టి, మధ్యలో నా బొటనవేలిని కూడా కొట్టుకుని, ఇకమీద ఈ కత్తెరను ఎవరు ముట్టినా ఊరుకోనని ప్రకటించాను.

“మీరు ముట్టకుంటే చాలు సాబ్” అన్నాడు మాస్టరు. కుట్టేవాళ్లు పడీపడీ నవ్వారు, ఆయనా నవ్వాడు. సాయంత్రం దాకా కత్తెరకు సానపెట్టుకున్నాడు. మర్నాడు నీలం బట్టమీద అది కరకరమంటూ సాగిపోతుంటే నాకు పోయిన ఊపిరి తిరిగొచ్చింది. ఖమ్మం మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఇదంతా విని మేనల్లుడు, మా దగ్గర కత్తెరా మిషనూ కుర్చీ అన్నీ దుకాణానివే మామా, ఎవరొస్తే వాళ్లు వాడతారు అన్నాడు. నిజమే. మేకుమీంచి తీసుకోవడానికి తనదంటూ ఒక్క వస్తువు లేనిచోట, వెళ్లిపోవడం మనిషికి ఎంత తేలిక!

చూపు మందగించి పని మానిన రోజున మాస్టరు ఆ కత్తెరను మేకుకే వదిలి వెళ్లాడు. షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణమైంది. మేకూ కత్తెరా మా ఇంటి గోడకు చేరాయి. పార్శిలు విప్పాల్సివస్తే ఇప్పటికీ వంటింట్లో చాకు వెతుక్కుంటాను గాని, దానివైపు నా చెయ్యి పోదు.