రాయప్ప గీత పెట్టిన పేర్లు

ఎండ ముదిరితే ఆదోని బస్టాండులో రేకుల పైకప్పు టక్కు టక్కుమని చప్పుడు చేస్తుంది. కింద కూచున్నవాళ్ళెవరూ తల ఎత్తరు. నేను ఎత్తుతాను. ఆ చప్పుడు వింటే నందవరం పక్కన ఒక పల్లెలో తాళం వేసిన రేకుల షెడ్డూ, దాని ముందు సైకిలు పట్టుకుని నిలబడిన రాయప్పా గుర్తొస్తారు. ఆయన పోయి మూడేళ్ళయింది. మనిషి పొట్టి, సైకిలు ఎత్తు. ఎక్కాలంటే ఏదో ఒక ఇంటి అరుగు కావాలి. అరుగు దొరకని చోట నడిపించుకుంటూ పోయేవాడు. సైకిలు ఎక్కలేని మనిషి నన్ను తీర్చిదిద్దాడని చెప్పుకోవడం కొంచెం ఇబ్బందే. కానీ ఆ పనికి వేరెవరూ ముందుకు రాలేదు.

డెబ్బైల నడుమ ఎమ్మిగనూరు చర్చి బడిలో తెలుగు అయివారుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది మంత్రాలయం దగ్గర పూజారుల ఇల్లు. పిల్లవాడు కిరస్తానీల్లో కలిసిపోతాడని మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ఏకాదశి కాబట్టి అప్పుడూ ముట్టలేదు. అయిదో రోజుకు మామూలైపోయింది. రాయప్ప ఆ చర్చికి ఉపదేశి. ఫాదరు తరచూ పోలేని పల్లెల్లో జపాలు నేర్పడం, జబ్బుపడ్డవాళ్ళ దగ్గర కూచోవడం, పెళ్ళికీ చావుకీ ఫాదరుకు కబురు తేవడం ఆయన పని. చేరిన వారంలోనే అడిగాను.

"రాయప్పన్నా, నన్నెప్పుడు మీలో కలుపుకుంటావు? మా యమ్మ బయపడి సస్తాంది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నిన్నా? ఉండేటోళ్ళను ఆదివారం గుడికి రప్పిచ్చేదానికే కాళ్ళు పట్టుకుంటాండాను. నువ్వు ఆడనే ఉండు అయివారూ. నీతో పడేదానికి మీ దేవునికైతే అలవాటుంటాది."

ఆ ఏడే నందవరం పక్కనున్న ఆ పల్లెకు వేరే క్రైస్తవ సంఘం పాస్టరు ఒకాయన వచ్చాడు. మంచి గొంతు, పైగా కంజిర వాయిస్తాడు. మరియమ్మ స్వరూపం ముందు కొవ్వొత్తి పెట్టడమంటే బొమ్మకు మొక్కడమేనని చెప్పి, రాయప్ప చూసుకునే ఇరవై ఇళ్ళలో ఏడిళ్ళను తనవైపు తిప్పుకున్నాడు. అందులో ఒకటి రాయప్ప సొంత చెల్లెలు సుందరమ్మది. అన్న నేర్పిన జపమాలను ఆమె తీసి పెట్టెలో పెట్టేసింది. ఏడిళ్ళవాళ్ళూ కలిసి ప్రార్థనకు రేకుల షెడ్డు వేసుకున్నారు. తర్వాత రెండు నెలలు రాయప్ప ఆ వీధిలోకి పోలేదు. ఊరు చుట్టుకొని పోయేవాడు. అటువైపు అరుగులు ఎక్కువని కారణం చెప్పేవాడు.

ఒకరోజు ఆ ఊరి పెద్ద వాళ్ళ షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని నేరుగా ఫాదరు దగ్గరికి వచ్చాడు. మాకేదో మేలు చేస్తున్న ముఖం.

"పల్లెకు మీ గుడి ఒకటి సాలు సామీ. రెండైతే కొట్లాటలే. ఈ ఏడిండ్లోళ్ళు మావోళ్ళు, మా గుడికే రావల్లని కాగితం రాసియ్యండి. షెడ్డు పీకిచ్చేస్తా. మీ జనం మీకొస్తారు."

ఫాదరు గుంటూరు వైపు మనిషి, మెత్తన. ఊరి పెద్ద వెళ్ళిపోయాక నాతో, "నీ దస్తూరీ బాగుంటుంది కదయ్యా, ఓ చిత్తు రాసిపెట్టు, ఆలోచిద్దాం" అన్నాడు. నేను చిత్తు రాయలేదు, కావ్యం రాశాను. 'దారి తప్పిన మా బిడ్డలు' అని మొదలుపెట్టి రెండు పేజీలు. కుటుంబాల రిజిస్టరు ముందు పెట్టుకొని ఏడిళ్ళ పేర్లూ దించాను. రిజిస్టరులో వాళ్ళింకా ఉన్నారు కాబట్టి అబద్ధం ఒక్కటీ లేదు. చెల్లెలు తిరిగొస్తుంది, రాయప్ప సంతోషిస్తాడనుకున్నాను.

ఆయన వేలు పెట్టి నిదానంగా చదివాడు.

"రాత ముత్యాలప్పా. సుందరమ్మ పేరు గూడా రాసినావే. ఆయమ్మను అడిగినావా?"

"అడిగితే రానంటాది గదన్నా."

"మరి?"

నేను కలానికి మూత పెట్టాను.

ఫాదరు కల్పించుకున్నాడు. "నీ చెల్లెలు రాయప్పా. ఆమె తిరిగొచ్చే దారి మళ్ళీ దొరక్కపోవచ్చు."

"తాళానికి బయపడి వచ్చి మోకాళ్ళేస్తే, ఆ మొక్కు ఎవురికి పోతాది ఫాదర్? ఊరి పెద్దకు పోతాది." రిజిస్టరు వైపు చూపించాడు. "ఆ పేర్లు మన పుస్తకంలో ఉండేదాంక ఎవురో ఒకరు వచ్చి ఇట్లాంటి కాగితమే అడుగుతారు."

ఫాదరు చివరికి రిజిస్టరు ముందుకు జరిపాడు. "జ్ఞానస్నానాల పుస్తకం ముట్టుకోడానికి లేదు. ఇది మాత్రం నువ్వు రాసిందే."

రాయప్ప నా కలం తీసుకుని ఆరిళ్ళ మీద చకచకా గీత పెట్టాడు. ఏడో ఇంటి దగ్గర కలం ఆగింది. ఇంకు అయిపోయిందేమోనని నేను ఇంకో కలం అందించబోయాను, అంత తెలివి నాది. ఆయన స్కేలు అడిగి తీసుకున్నాడు. ఆ ఒక్క పేరు మీద తిన్నగా, వంకర లేకుండా గీశాడు.

కొత్త ఉత్తరం మూడు వాక్యాలు. వీళ్ళు ఇప్పుడు మావాళ్ళు కారు. ఇష్టపడే వెళ్ళారు. వాళ్ళ షెడ్డులో వాళ్ళు ప్రార్థన చేసుకోవడం మాకు సమ్మతమే కనుక తాళం తీయమని మనవి. ఫాదరు సంతకం చేశాడు, కింద రాయప్ప కూడా.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు ముందు ఊరి పెద్ద దాన్ని రెండుసార్లు చదివాడు.

"మీ జనాన్ని మీరే వద్దంటారేమప్పా?"

"వద్దనలేదన్నా. వాళ్ళిష్టమంటాండాము."

"మీకే లేని నొప్పి నాకెందుకు?" అని తాళంచెవి రాయప్ప చేతిలో పడేసి పోయాడు. రాయప్ప దాన్ని సుందరమ్మకు ఇచ్చాడు.

"మళ్ళా గుడికి రమ్మంటావేమో. నేను రానన్నా," అంది ఆమె.

"రమ్మన్నానామ్మే? తాళం తియ్యి, ఎండ సంపుతాంది."

ఆ ఆదివారం పాస్టరు బొమ్మల మీద ఎప్పటిలాగే గంటసేపు ప్రసంగించాడట. ఆ సంగతి చెబితే రాయప్ప, "గొంతు మాత్రం బాగుంటాది ఆయప్పది," అన్నాడు. కానీ తాళం తీసిన రోజు, తిరిగొచ్చేటప్పుడు, ఎమ్మిగనూరు దాకా ఆయన సైకిలు ఎక్కలేదు. దారిలో అరుగులు చాలానే ఉన్నాయి.

ఇప్పుడు ఆదోనిలో ఒక హైస్కూల్లో అడ్మిషన్లు నేనే చూస్తాను. దరఖాస్తులో మతం అని ఒక గడి ఉంటుంది. మా గుమాస్తా పేరు చూసి తనే నింపేస్తాడు. నేను ఆపుతాను, అడిగి రాయమంటాను. దాంతో తల్లిదండ్రుల వరుస గేటు దాటి రోడ్డెక్కుతుంది. "పేరు చూస్తే తెలిసిపోతాండాది గదా సార్, ఇంకేం అడగల్ల?" అని గుమాస్తా విసుక్కుంటాడు. పోయిన జూన్‌లో కొడుకును చేర్చడానికి వచ్చిన ఒకామె కాసేపు ఆలోచించి, "వాడు పెద్దోడై సెప్తాడులే సార్, ఇప్పుడేం రాయొద్దు" అంది. గుమాస్తా కలం ఎత్తి నా వైపు చూశాడు. ఖాళీగా వదిలేయమన్నాను. ఆ గడి నింపి పంపమని పై ఆఫీసు నుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది. రెండుసార్లూ ఆమె ఇంటికి పోయి అడిగాను. రెండుసార్లూ ఆమె అదే మాట చెప్పింది, అదే రాసి పంపాను.