తిట్ల డాక్టరు

మేనకోడలికి తెలిసినంతలో, మావయ్య తిట్టకుండా బాగుచేసిన యంత్రం ఒక్కటీ లేదు. తిట్టేది యంత్రాన్ని కాదు, తెచ్చిన మనిషిని. ల్యాప్‌టాప్‌ని మాత్రం రెండు చేతులా అందుకుని, "ఏం చేశారమ్మా నిన్ను?" అని బుజ్జగించేవాడు. ఆ తర్వాత కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, తెచ్చినవాళ్ళ పని పట్టేవాడు. బజారంతా ఆయన్ని తిట్ల డాక్టరనేది.

ఒక ప్లీడరుగారు కీబోర్డు మీద టీ పడిందని తెచ్చారు.

"పడిందా? టీ తనంతట తాను నడుచుకుంటూ వచ్చి పడిందా? కోర్టులోనూ ఇలాగే వాదిస్తారా?"

అరగంట గడిచాక ప్లీడరుగారు "నేనే ఒలకబోశాను" అని ఒప్పుకున్నారు. అప్పటిదాకా మావయ్య స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ఇంకొకావిడ రిపేరేమీ లేక ఊరికే పలకరించిపోదామని వస్తే, "వెలుతురుకి అడ్డం నిలబడి పలకరింపులేంటండీ?" అని ఆవిడకీ వడ్డించాడు. అయినా ఆ కొట్టు ముందు బెంచీ ఏనాడూ ఖాళీగా ఉండేది కాదు.

ఆ రోజు మేనకోడలు కొట్టుకి వచ్చేసరికే ఉడికిపోతోంది. సాయంత్రం అయిదింటికల్లా యూనివర్సిటీకి థీసిస్ పంపాలి. దిద్దిన చివరి అధ్యాయమంతా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. పొద్దున నాన్న ఆమెకి మంచినీళ్ళు తెస్తూ వైరు తట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ బల్ల మీంచి జారి కుర్చీలో పడింది. చార్జింగ్ పిన్ను పుటుక్కుమంది. "కళ్ళు కనపడవా నాన్నా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆయనకి ఈ మధ్య నిజంగానే ఒక కన్ను మసకేసింది. నోరు జారాక గానీ ఆ సంగతి గుర్తురాలేదు. గుర్తొచ్చినా, కోపం దిగి రానివ్వలేదు. కాసేపటికి బ్యాటరీ కూడా చచ్చింది. దారిలో ఒక దుకాణంవాడు మదర్‌బోర్డే మార్చాలి, నాలుగు రోజులు పడుతుందన్నాడు. నాన్న పిలవకపోయినా వెంట వచ్చి, బెంచీ చివర నేరస్థుడిలా కూర్చున్నాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

"మదర్‌బోర్డా? వాడి మొహం! జలుబు చేస్తే ముక్కు మార్చే రకం వాడు," అన్నాడు మావయ్య. "సరే, ఎలా విరిగింది?"

ఆమె నోరు తెరిచేలోగా నాన్న లేచి నిలబడ్డాడు. "నేనేనోయ్. వైరు కనపడలేదు."

ఇక నాన్నకి మొదలవుతుందనుకుంది మేనకోడలు. టీ ఒలికిస్తేనే అరగంట. దీనికెంతసేపో!

మావయ్య బావగారిని ఎగాదిగా చూశాడు. "కూర్చోండి బావా. విప్పి చూస్తే గానీ తెలీదు ఎవరి పాపమో."

అడుగు మూత విప్పాడు. టంకం కరిగించి విరిగిన పిన్నుని పైకి తీశాడు, భూతద్దం కింద అటూ ఇటూ తిప్పాడు. అంతే, మేనకోడలి మీద విరుచుకుపడ్డాడు.

"ఏమే, ఇది ఇవాళ విరిగిందా? ఎన్ని నెలల్నించి చీలి ఉందో చూశావా? మంచం మీద పడుకుని, వైరు మెలితిప్పి, ఊడలాగి... బావ కాలు తగలకపోయినా రేపో మాపో గాలికే ఊడేది!"

"నేనెప్పుడూ బల్ల మీదే పెట్టి..."

"ఎదురు చెప్పకు!"

ఆమెకి ఒళ్ళు మండింది. భూతద్దం తన వైపు లాక్కుంది. విరిగిన అంచు తళతళలాడుతోంది. పాత చీలికైతే దుమ్ము పట్టి నల్లబడాలి. ఆ మాట చిన్నప్పుడు తనకి చెప్పింది మావయ్యే. ఇది ఒక్క దెబ్బకి విరిగింది, అదీ ఇవాళే.

"మావయ్యా, ఇది కొత్తగా..."

బల్ల కింద ఆయన చెప్పు ఆమె పాదం మీద దిగింది. గట్టిగానే.

"నోరు మూసుకుని ఆ పట్టకారు ఇటివ్వు. రేపు డాక్టరేటు వస్తుందట, ఇవాళ వైరు తీయడం రాదు!"

ఆమె కాలు వెనక్కి తీసుకుంటూ బెంచీ వైపు చూసింది. పొద్దుటి నుంచి వాలిపోయిన నాన్న మెడ మెల్లగా నిలబడుతోంది.

"అంటే... నా వల్ల కాదంటావా?" అన్నాడాయన.

"మీ వల్ల ఏమవుతుంది బావా! మీ కూతురి నిర్వాకం ఇది."

మేనకోడలికి అప్పుడు తెలిసింది. పొద్దుటి నుంచి పట్టి ఉంచిన కోపం ఎక్కడ పోయిందో పోయింది.

"అవును మావయ్యా, నాదే తప్పు. నాన్నా, నీమీద అలా అరవడం ఇంకా పెద్ద తప్పు."

కొత్త పిన్ను అతికింది. ఎర్ర దీపం వెలిగింది. నాలుగున్నరకి అదే బల్ల మీంచి థీసిస్ వెళ్ళిపోయింది. వెళ్తున్నంతసేపూ మావయ్య దాని పేరు అంత పొడుగు పెట్టినందుకు చీవాట్లు పెట్టాడు.

కొట్టు మెట్లు దిగగానే నాన్న గొంతు సవరించుకున్నాడు.

"నేను అనుకుంటూనే ఉన్నా. వైరు పట్టుకుని లాగుతావు. మంచం మీద పెట్టుకుంటావు. చెప్తే వినవు..."

"అవును నాన్నా."

"అవునంటే సరిపోతుందా? ముందు ఆ హోటలుకి పద, ఆకలేస్తోంది. తింటూ చెప్తా. అసలు ఆ వైరు చుట్టే పద్ధతేమిటి..."

ఆయన గొంతు వీధంతా మోగిపోయింది. కొట్టులోంచి మావయ్య తల బయటికి పెట్టి కేకేశాడు.

"వీధిలో ఆ అరుపులేంటి బావా? ఇక్కడ మనుషులు ప్రశాంతంగా పని చేసుకోవద్దా?"